చీమ ముఖం చూడటానికి ఎంత వెలుగు కావాలి?

దివ్య ఖుర్ఆన్‌లోని 27వ సూరా చీమల పేరిట ఉంది. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) సైన్యం లోయలోకి వస్తుండగా ఒక చీమ తన జాతిని ఇళ్లలోకి వెళ్లిపొమ్మని హెచ్చరించిన ఉదంతం మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ హెచ్చరికలో ఒక సూక్ష్మం ఉంది. పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులను మేము అక్కడ కాసేపు ఆపుతాము. సైన్యం పగబట్టి తొక్కుతుందని చీమ అనలేదు. తమకు తెలియకుండానే తొక్కేస్తారని అన్నది. దాని భయమంతా మనిషి గమనించకపోవడం గురించే.

గమనించాలంటే ముందు కనబడాలి కదా. వస్తువును కంటికి దగ్గరగా తెచ్చేకొద్దీ పెద్దదిగానే కనిపిస్తుంది. కానీ దాదాపు పాతిక సెంటీమీటర్ల కన్నా దగ్గరకు వస్తే మసకబారుతుంది. యాభై దాటిన మాలాంటి వారి సంగతి చెప్పనక్కరలేదు, చేయి పూర్తిగా చాచినా అక్షరాలు ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి. ఆ దూరం నుంచి చీమ కదిలే గీత మాత్రమే. దానికొక ముఖం ఉందనీ, ఆ ముఖం మీద సన్నని నూగు ఉందనీ, దవడల అంచున రంపపు పళ్లు ఉన్నాయనీ కన్ను చెప్పదు. ఆ పని చేసేది మ్యాక్రో ఫొటోగ్రఫీ. చిన్న ప్రాణిని దాని అసలు పరిమాణానికి తగ్గకుండా కెమెరాలోకి తీసుకునే పద్ధతి అది.

భోగాపురం పరిసరాల్లో మేమూ, మా మదరసా విద్యార్థులూ కొంతకాలంగా శుక్రవారం ఉదయాలను ఈ పనికి కేటాయిస్తున్నాము. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద, సముద్రానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇది. ఇసుక కలిసిన ఎర్రనేల, జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలు. కీటకాల కోసం ఇంతకన్నా మంచి చోటు వెతకనక్కరలేదు. మా సామగ్రి చెప్పుకోదగ్గది కాదు: ఎవరో వాడి ఇచ్చిన కెమెరా ఒకటి, ఫోనుకు తగిలించే భూతద్దాలు రెండు, ఒక ఫ్లాషు, ఒక తెల్ల గొడుగు.

మన కుటుంబాల్లో ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న మాకు తెలుసు. ప్రాణమున్న దాని బొమ్మ తీయవచ్చునా? కెమెరా కొత్త రూపాన్ని సృష్టించదని, ఉన్న వస్తువు నీడనే నిలిపి ఉంచుతుందని వాదించి ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ అనుమతి వైపు నిలిచారు. చేతితో గీసినా యంత్రంతో తీసినా చిత్రం చిత్రమేనని దేవ్‌బంద్ పండితులలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ నిషేధం వైపు నిలిచారు. ఇద్దరూ పెద్దలే. ఇద్దరి దగ్గరా ఆధారాలు ఉన్నాయి. ఈ చర్చను తేల్చడం మా స్థాయికి మించిన పని. మేము పాటించే హద్దు మాత్రం చెబుతాము. చదువుకు, పంటకు అవసరమైనంత మేరకే తీస్తాము. గోడకు వేలాడదీయము. మనసు ఒప్పని వారు తమ ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగానే అంటాము. సీతాకోకచిలుక రెక్క మీద అల్లాహ్ పేరు కనిపించిందంటూ వాట్సాప్‌లో తిరిగే చిత్రాలతో ఈ పనికి ఏ సంబంధమూ లేదు. వాటిలో చాలావరకు కంప్యూటరులో దిద్దినవే. సీతాకోకచిలుక రెక్కను నిజంగా దగ్గరగా చూస్తే ఇంటి పైకప్పు మీది పెంకుల్లా వరసలు వరసలుగా పేర్చిన పొలుసులు కనిపిస్తాయి. వేలికి పొడిలా అంటుకునేవి అవే. ఆ అల్లికను చూసినవారికి ఇక దిద్దిన చిత్రంతో ఏం పని?

వెలుగును గురించి శాస్త్రంగా ఆలోచించిన మన పూర్వికులలో ఇబ్నుల్ హైసమ్‌ను ఇక్కడ తలచుకోవాలి. 965లో బస్రాలో పుట్టి కైరోలో జీవితం గడిపిన ఆయన తన కితాబుల్ మనాజిర్‌లో, చూపు అనేది కంటి నుంచి బయలుదేరే కిరణం కాదని, వస్తువు నుంచి వచ్చే వెలుగు కంటిలో ప్రవేశించడమేనని ప్రయోగాలతో నిరూపించారు. కెమెరా పట్టుకున్న వారికి ఈ మాట రోజూ పనికొస్తుంది. మనం తీసేది పురుగును కాదు, పురుగు మీద పడి తిరిగి వచ్చే వెలుగును. వెలుగు చెడితే ఎంత మంచి లెన్సయినా చెడ్డ చిత్రాన్నే ఇస్తుంది.

చీమను కదలకుండా నిలపడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక పాత ఉదంతం. రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1665లో మైక్రోగ్రాఫియా అనే గ్రంథం ప్రచురించాడు. సూక్ష్మదర్శినిలో తాను చూసిన ఈగ కన్నును, గోమారిని, పేనును పెద్ద పెద్ద బొమ్మలుగా అందులో చూపాడు. చీమ దగ్గరకు వచ్చేసరికి అతనికి చుక్కలు కనిపించాయి. కాళ్లను జిగురులో అంటిస్తే ఒళ్లంతా మెలితిప్పుకునేది. చంపితే ఆకారం చెడిపోయేది. చివరకు దానికి బ్రాందీ పట్టించాడు. మత్తులో పడిపోయి గంటకు పైగా కదలలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా లేచి పరుగు తీసింది. మా విద్యార్థులకు ఈ కథ చెబితే చీమకు తాగుడు హరామా కాదా అని ఒకడు అడిగాడు. నవ్వుకున్నాము గానీ, హుక్‌కు ఎదురైన చిక్కు ఈనాటికీ అలాగే ఉంది. ప్రాణి కదులుతుంది. కదలకపోతే అది ప్రాణి కాదు.

కదలికతో చిక్కు ఎందుకో కొంచెం వివరించాలి. లెన్సు పురుగును అసలు పరిమాణంలో చూపే దూరానికి చేరినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు దారుణంగా తగ్గిపోతుంది. పెద్ద సెన్సరు ఉన్న కెమెరాలో ఎపర్చర్‌ను ఎఫ్ 8 దగ్గర ఉంచితే ఆ లోతు దాదాపు ఒక మిల్లీమీటరు. చీమ కన్ను స్పష్టంగా ఉంటే నడుము మసక. ఎపర్చర్‌ను ఇంకా మూసి ఎఫ్ 22 వరకు వెళ్తే లోతు పెరుగుతుంది గానీ, సన్నని రంధ్రం గుండా వంగే వెలుగు చిత్రమంతటినీ మెత్తబరుస్తుంది. పైగా ఆ దూరంలో సెన్సరుకు చేరే వెలుగు మామూలు చిత్రంతో పోలిస్తే నాలుగో వంతే. లోతు కావాలంటే వెలుగు కావాలి, వెలుగు లేకపోతే షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతలో చీమ ఆకు దాటిపోతుంది. మ్యాక్రో కళ అంతా ఈ మూడు తాళ్ల మధ్య సర్దుబాటే. సహజమైన వెలుగా, ఫ్లాషా అన్న వాదన కూడా ఇక్కడే పుడుతుంది.

మొదట సహజమైన వెలుగు. దీనికి తెల్లవారుజామును మించిన వేళ లేదు. కీటకాల ఒంటి వేడి బయటి గాలిని బట్టి ఉంటుంది. రాత్రి చల్లదనంలో వాటి కండరాలు మొద్దుబారి ఉంటాయి. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా తూనీగ ఎగరలేదు, సీతాకోకచిలుక రెక్క విప్పదు. భోగాపురం వంటి తీరప్రాంతంలో గాలి కూడా ఆ వేళ సహకరిస్తుంది. రాత్రంతా నేల మీది నుంచి సముద్రం వైపు వీచిన పలుచని గాలి తెల్లవారేసరికి దాదాపు ఆగుతుంది. పొద్దెక్కి నేల కాగాక సముద్రపు గాలి మొదలవుతుంది. అది మొదలైతే గడ్డిపరక మీద కూర్చున్న పురుగును తీయడం ఉయ్యాలలో పసిబిడ్డకు కాటుక పెట్టడం లాంటిదే. అందుకే ఫజ్ర్ నమాజు ముగించి నేరుగా తోటకు వెళ్తాము. పొద్దుటి పూట మేలుకునే అలవాటు ఉన్నవారికి ఈ విద్య సగం వచ్చినట్టే.

ఆ వేళ వెలుగు మెత్తగా ఉంటుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన ఆకాశంలో అతని వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అందుకే నడిమధ్యాహ్నం ఎండ చిన్న దీపంలా పడి నల్లని గట్టి నీడలు వేస్తుంది, పురుగు వీపు మీద తెల్లని మచ్చలు తెస్తుంది. పొద్దు పొడవకముందు, లేదా పలుచని మబ్బు ఉన్నప్పుడు, ఆకాశమంతా ఒకే దీపమవుతుంది. నీడ అంచులు కరిగిపోతాయి. ఎండ ఎక్కాక తప్పనిసరైతే తెల్ల గొడుగును పురుగుకూ సూర్యుడికీ మధ్య పట్టుకుంటాము. నీడ వైపు ఒక తెల్ల రుమాలు పరిస్తే అది కొంత వెలుగును వెనక్కి పంపుతుంది. గొడుగు, రుమాలు లేని ఇల్లు ఉండదు కాబట్టి సామగ్రి లేదన్న సాకు ఇక చెల్లదు.

సహజమైన వెలుగులో ప్రాణి తన చోటులో కనిపిస్తుంది. వెనుక ఆకుపచ్చ, కింద ఎర్రమట్టి, రెక్కల మీద మంచు. దాని లోపమల్లా ఓపికను పిండుకోవడమే. నిద్రమత్తులో ఉన్న తూనీగకు సరిపోయే నెమ్మది షట్టరు, పరుగెత్తే చీమకు సరిపోదు.

అక్కడ ఫ్లాషు అవసరమవుతుంది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1931 ప్రాంతంలో ఎలక్ట్రానిక్ ఫ్లాషును వాడుకలోకి తెచ్చాడు. కదులుతున్న యంత్రం నిలిచి ఉన్నట్టు కనిపించడం ఆనాటివారికి వింత. నేటి మామూలు ఫ్లాషు కూడా శక్తి తగ్గించి వాడితే సెకనులో పదివేలవ వంతు కన్నా తక్కువ సేపే వెలుగుతుంది. అంత లిప్తకాలంలో చీమ కాలు ఎంత దూరం కదులుతుంది? ఆ వెలుగే షట్టరు పని చేసేస్తుంది. ఇంగ్లాండుకు చెందిన స్టీఫెన్ డాల్టన్ ఈ సూత్రాన్నే పట్టుకుని, ఎగురుతున్న కీటకం ఒక వెలుగు కిరణాన్ని దాటగానే ఫ్లాషు దానంతట అదే వెలిగే ఏర్పాటు చేసుకున్నాడు. అతని చిత్రాలతో 1975లో వెలువడిన బోర్న్ ఆన్ ది విండ్ అనే పుస్తకంలోనే కీటకాలు గాలిలో రెక్కలను ఎలా తిప్పుతాయో జనం తేటగా చూశారు.

కానీ ఫ్లాషుకు రెండు అవలక్షణాలు ఉన్నాయి. కెమెరా నెత్తిన పెట్టి నేరుగా కొడితే అదీ నడిమధ్యాహ్నపు సూర్యుడే. పెంకు పురుగు వీపు మీద తెల్లని దెబ్బలా పడుతుంది. దీనికి మందు చాలా చౌక. ట్రేసింగ్ కాగితమో, పల్చని తెల్ల ప్లాస్టిక్ రేకో వంచి ఫ్లాషు ముందు కడితే చాలు. అరచేయంత కాగితం మనకు చిన్నదే. కానీ చీమకు అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని పాలిట అది మబ్బు పట్టిన ఆకాశం. రెండో అవలక్షణం నల్లని వెనుకభాగం. దీపం నుంచి దూరం పదింతలైతే వెలుగు నూరో వంతుకు పడిపోతుంది. పురుగు పది సెంటీమీటర్ల దూరంలో, వెనుక చెట్టు మీటరు దూరంలో ఉంటే చెట్టుకు చేరే వెలుగు దాదాపు శూన్యం. పట్టపగలు తీసిన చిత్రం అర్ధరాత్రి తీసినట్టు వస్తుంది. చాలామందికి ఈ నల్లదనమే గొప్పగా తోస్తుంది. మాకు మాత్రం అది ప్రాణిని ఊరి నుంచి వెలివేసినట్టు ఉంటుంది. వెనుక ఒక పచ్చని ఆకు వచ్చేలా కోణం మార్చుకుంటే, లేదా సెన్సరు సున్నితత్వాన్ని పెంచి పగటి వెలుగును కూడా కొంత రానిస్తే ఆ బాధ తప్పుతుంది. మేము ఎక్కువగా చేసేది ఇదే: చుట్టూ ఉన్నది పగటి వెలుగులో, ప్రాణి మాత్రం ఫ్లాషులో.

ఈ కలయిక విలువ మాకు తెలిసింది జీడితోటలో. అక్కడ ఆకులను కలిపి కుట్టి బంతిలా గూడు కట్టుకునే ఎర్రచీమలు ఉంటాయి. కుట్టడమన్నది ఉపమానం కాదు. కొన్ని చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటాయి. మరికొన్ని తమ గూటిలోని పిల్లపురుగులను దవడల మధ్య పట్టుకుని ఆ అంచుల మీద అటూ ఇటూ ఆడిస్తాయి. పిల్లపురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి. పెద్ద చీమలకు పట్టు తీసే శక్తి లేదు. ఆ శక్తి ఉన్నది పసిదానికి, దానికేమో ఆకు లాగే బలం లేదు. ఇంటిల్లిపాదీ కలిస్తేనే ఇల్లు నిలబడుతుంది. ఈ చీమలు కాపలా ఉన్న జీడిచెట్ల మీద, లేత కొమ్మల రసం పీల్చే టీ దోమ బెడద తగ్గుతుందని వ్యవసాయ పరిశోధనలు చెబుతున్నాయి. నారింజ తోటల రక్షణకు దక్షిణ చైనాలో వీటి గూళ్లను అమ్మేవారని పదిహేడు వందల ఏళ్ల నాటి రాతల్లోనే ఉంది. మన తోటల్లో మాత్రం కాయలు కోసేటప్పుడు కుడతాయని కొందరు మందు కొట్టి చంపుతుంటారు.

ఆ చీమల వరసను ఫ్లాషుతో తీస్తూ ఉండగా ఒక చీమ మిగతా వాటికన్నా కొంచెం ఎడంగా, అదోలా ఆగి ఆగి నడుస్తున్నట్టు అనిపించింది. చిత్రాన్ని తెర మీద పెద్దది చేసి చూశాము. మీసాలు లేవు. మీసాల్లా ఆడిస్తున్నవి ముందరి రెండు కాళ్లు! లెక్కపెట్టిన విద్యార్థి "హజ్రత్, ఎనిమిది కాళ్లున్నాయి!" అని అరిచాడు. తల మీద రెండు పెద్ద నల్లని కళ్లు ముందుకు చూస్తున్నాయి, పక్కన చిన్నవి మరికొన్ని. అది చీమ కాదు, చీమ వేషం వేసుకున్న సాలీడు. శాస్త్రంలో మిర్మప్లాటా ప్లాటలియాయిడెస్ అంటారు. చీమల కాటుకు జడిసి పక్షులు, పెద్ద పురుగులు వాటి జోలికి రావు. ఆ భయం నీడలో ఇది బతుకుతుంది. దీనిలో మగదానికి దవడలు ఎంత పొడుగ్గా ముందుకు సాగి ఉంటాయంటే, ఒక చీమ మరో చీమను మోసుకుపోతున్నట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ చెట్ల కింద నడిచినవారికి కూడా కంటపడని ప్రాణి అది. ఫ్లాషు లేకపోతే పరుగులో ఉన్న దాని కాళ్లు లెక్కకు అందేవి కావు. పగటి వెలుగు లేకపోతే అది ఏ వరస పక్కన, ఏ ఆకు మీద నడుస్తోందో తెలిసేది కాదు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. లోకంలో మెచ్చుకోలు పొందే కీటక చిత్రాలలో కొన్ని మోసంతో తయారైనవి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవారున్నారు. పువ్వుకు జిగురుతో అంటించేవారున్నారు. సీసాతో నీళ్లు చల్లి మంచు అని చెప్పేవారు మరీ ఎక్కువ. చచ్చిన పురుగును మ్యూజియంలో తీయడం వేరు సంగతి. లెవన్ బిస్ అనే ఫొటోగ్రాఫరు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని కీటకాలను ఒక్కొక్కదాన్ని 8,000 నుంచి 10,000 ముక్కలుగా తీసి కలిపి 2016లో ప్రదర్శించాడు. అవి చచ్చినవని దాచలేదు, ఎప్పుడో సేకరించి ఉంచినవాటినే వాడుకున్నాడు. దానిలో మాకు తప్పు కనిపించదు. బతికి ఉన్నట్టు చూపడానికి చంపడం, హింసించడం మాత్రం అబద్ధమూ, అన్యాయమూ రెండూ. చీమ కుట్టిందని పుట్టనే కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ నిలదీసిన ఉదంతం బుఖారీ, ముస్లిం రెండు హదీసు గ్రంథాలలోనూ ఉంది. కాటు వేసిన చీమ విషయంలోనే అంత లెక్క ఉంటే, మన సరదా కోసం నిలబెట్టిన చీమ విషయంలో ఎంత ఉండాలి? జీరంగి పురుగు కాలికి దారం కట్టి ఎగరేసే ఆట మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మా పిల్లలను ఆ ఆట మానిపించడానికి ఉపన్యాసాలు పనిచేయలేదు, దాని బంగారు పచ్చని వీపును దగ్గరగా తీసి చూపిన చిత్రం పనిచేసింది. ఇక చట్టం మాట. మన దేశంలో కొన్ని సీతాకోకచిలుకలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉన్నాయి. పట్టి డబ్బాలో వేయడం నేరం కావచ్చు.

ఇదంతా కాలక్షేపం కదా అని అడిగే వారుంటారు. తోటలో మమ్మల్ని చూసిన ఒక కొబ్బరి రైతు కూడా అలాగే అడిగాడు. "ఏటి సాయిబుగారూ, పురుక్కి కూడా ఫొటోలేటండి? మందు కొట్టీక ఏ పురుగైనా ఒకటే గదండీ!" అన్నాడు. అతని చెట్ల కింది మట్టలు నల్లని మసి పట్టి ఉన్నాయి. ఆకు అడుగున తెల్లని మైనపు పోగులు సుడులు సుడులుగా అంటుకుని ఉన్నాయి. ఇది సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ పురుగును మన దేశంలో మొదటిసారి 2016లో తమిళనాడు కొబ్బరి తోటల్లో గుర్తించారు. ఆ తర్వాత ఆంధ్ర తీరమంతా పాకి, ఉద్దానం తోటలను కూడా పీడించింది. రైతు మందు కలిపి సిద్ధంగా ఉంచుకున్నాడు. ఒక్క మట్ట కోసి ఇమ్మని అడిగి, ఆకు అడుగుభాగాన్ని ప్రక్క నుంచి మెత్తని ఫ్లాషుతో తీశాము.

ప్రక్క నుంచి అనడంలోనే కిటుకు ఉంది. నేరుగా వెలుగు పడితే మైనపు తెలుపు అంతా ఒక్కటైపోయి ఏమీ తెలియదు. వెలుగు పక్కగా వస్తే ప్రతి గుంటకూ నీడ ఏర్పడుతుంది. తెర మీద పెద్దది చేస్తే తెల్లదోమ కోశస్థ దశలోని గుల్లలు కనిపించాయి. కొన్ని లేత పసుపు రంగులో ఉన్నాయి, చాలావాటి రంగు నల్లబడింది. నల్లబడినవాటిలో గుండ్రని రంధ్రాలు ఉన్నాయి. తెల్లదోమ తానే బయటకు వస్తే గుల్ల వీపు మీద టీ అక్షరం ఆకారంలో చీలిక మిగులుతుంది. గుండ్రని రంధ్రం ఉందంటే బయటకు వచ్చింది తెల్లదోమ కాదు, దాని లోపల గుడ్డు పెట్టి దానిని తిని పెరిగిన చిన్న కందిరీగ. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అని దాని పేరు. పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. కుట్టదు, కనబడదు, ఎవరూ దాన్ని తోటలో గుర్తుపట్టరు. రైతు సిద్ధం చేసుకున్న మందు ముందుగా చంపేది దీన్నే. మైనపు పొర కింద దాగిన తెల్లదోమకు మందు సరిగా తగలదు. నెల తిరిగేసరికి దోమ మళ్లీ పెరుగుతుంది, దాన్ని అదుపు చేసే కందిరీగ మాత్రం ఉండదు.

చిత్రాన్ని రైతుకు చూపాము. "ఈ బొక్కలెట్టింది మన వోడేనేటండీ?" అని అడిగి, చాలాసేపు ఫోను పట్టుకుని చూశాడు. మసిని నీటి జల్లుతో కడగడం, బాగా పట్టిన కింది మట్టలను మాత్రం తీసేయడం, అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన కేంద్రం ఇచ్చే మిత్ర కీటకాలను, శిలీంధ్రాన్ని గురించి ఉద్యానశాఖ వారిని అడగడం, ఇవీ మేము చెప్పగలిగినవి. మేము వ్యవసాయ శాస్త్రవేత్తలం కాము. చిత్రం ఉంటే శాస్త్రవేత్త ఊరికి రాకుండానే చూడగలడు. చిత్రం లేకపోతే రైతు చెప్పే తెల్లపురుగు అన్న మాటలో యాభై రకాలు ఇమిడిపోతాయి. మొక్కజొన్నలో కూడా ఇంతే. 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగుకు తల మీద తలకిందులైన వై అక్షరంలాంటి తెల్లని గీత, తోక దగ్గరి కణుపు మీద చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు ఉంటాయి. ఫోనుకు తగిలించే చిన్న భూతద్దం చాలు వాటిని చూడటానికి. పొలం గట్టు మీద నిలబడి పేరు తేల్చుకోవచ్చు, ఏ మందు, అసలు మందు అవసరమా అన్నది తర్వాత.

ఆడపిల్లలకు, ఇంట్లో ఉండే తల్లులకు ఈ పని ఇంకా సులువు. తోటకే వెళ్లాలని లేదు. పెరట్లోని కరివేపాకు మొక్క చాలు. దాని ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే నలుపు తెలుపు పురుగు, పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారి, చివరకు సీతాకోకచిలుకగా ఎగిరిపోవడాన్ని రోజుకొక చిత్రంగా తీయవచ్చు. ఫోను కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద రెండు మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా అని రాసినదాన్ని చూసి మురిసిపోకండి, అది చాలావరకు అలంకారమే. కొన్ని వందల రూపాయల బిగించే భూతద్దం దానికన్నా నయం. ఫోకస్ కోసం తెరను పదే పదే తాకే బదులు, మోచేతులు నేల మీద ఆనించి ఊపిరి బిగబట్టి మన ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదిలిస్తూ వరసగా తీయాలి. పదిలో ఒకటి నిలుస్తుంది. కన్ను స్పష్టంగా ఉన్నదే ఉంచుకోవాలి.

చిత్రం తీశాక మా విద్యార్థులు ప్రతిదాని కింద మూడు విషయాలు రాస్తారు: తేదీ, చోటు, ఏ మొక్క మీద. హదీసుకు సనద్ ఎలాగో చిత్రానికి ఇవి అలాగ. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారో తెలియని చిత్రం అందంగా ఉంటుందేమో గానీ సాక్ష్యానికి పనికిరాదు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల్లో ఇలాంటి చిత్రాలను పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. మా ప్రాంతానికి ఈ సాక్ష్యం అవసరం ఇప్పుడు మరింత ఉంది. అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. దాని కోసం తీసుకున్న నేల రెండు వేల ఎకరాలకు పైమాటే. చుట్టుపక్కల తోటలు కూడా ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. రాకపోకలు పెరగడం, పిల్లలకు ఉద్యోగాలు రావడం మంచిదే, కాదనము. ఏ తోటలో ఏ ప్రాణి ఉండేదో రాసిపెట్టినవారు ఎవరూ లేకపోతే, పోయిందని కూడా ఎవరికీ తెలియదు. మొక్కలకూ కీటకాలకూ మధ్య పరాగసంపర్క సంబంధాలను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి, ఆచార్య ఎ.జె. సాలమన్ రాజు వంటివారు దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. ఊరూరా వారు రాలేరు. ఊళ్లో ఉన్నది మనం.

రాత్రి దీపాల విషయం కూడా ఇందులో భాగమే. పురుగులు దీపం మీద మోజుతో వచ్చి చస్తాయని అనుకునేవాళ్లం. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, అతివేగంగా తీసే కెమెరాలతో వేరే సంగతి చూపింది. ఎగిరే కీటకం వెలుగు ఉన్న వైపుకు తన వీపును తిప్పుకుంటుంది. రాత్రి ఆకాశం నేలకన్నా వెలుగుగా ఉంటుంది కనుక ఆ అలవాటు దాన్ని తలకిందులు కాకుండా కాపాడుతుంది. పక్కన దీపం ఉంటే అదే అలవాటు దాన్ని గిరగిరా తిప్పి అక్కడే కట్టేస్తుంది. అది మోజు కాదు, దారి తప్పడం. అందుకే రాత్రి ఫొటో కోసం తెల్లగుడ్డ కట్టి దీపం పెడితే గంటసేపటికి ఆర్పేస్తాము, గుడ్డ మీది పురుగులను దులపకుండా వాటంతట అవి వెళ్లేదాకా వదిలేస్తాము.

ఈ వ్యాసం చదివి ఎవరైనా మొదలుపెట్టదలిస్తే ఆరుద్ర పురుగుతో మొదలుపెట్టవచ్చు. జూన్ 22 ప్రాంతంలో వచ్చే ఆరుద్ర కార్తె నాటికి, తొలకరి గట్టిగా పడిన మరునాడు, ఎర్రనేల మీద మఖ్మల్ ముక్కల్లా తిరుగుతుంటాయి. పేరుకు పురుగే గానీ కాళ్లు ఎనిమిది, సాలీడు కుటుంబానికి దగ్గరి చుట్టం. దీనికి ఫ్లాషు వద్దు. నేరుగా పడే వెలుగు ఆ మఖ్మల్ నూగును చదును చేసి ప్లాస్టిక్ బొమ్మలా చూపిస్తుంది. మబ్బు పట్టిన ఉదయం, ఒక పక్క నుంచి వచ్చే ఆకాశపు వెలుగు చాలు. ఎరుపును కెమెరాలు అతిగా పట్టేస్తాయి కాబట్టి చిత్రాన్ని కాస్త చీకటిగానే తీయాలి. చేతిలోకి తీసుకోనక్కరలేదు. బోర్లా పడుకుని, కెమెరాను తడిమట్టి మీదే పెట్టి అది నడిచి వచ్చేదాకా ఆగితే, ముందు రెండు కాళ్లు ఎత్తి తడుముకుంటూ నేరుగా లెన్సు వైపే వస్తుంది. ఎండ గట్టిపడిందంటే మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి, ఏడాదిలో ఆ కొద్ది రోజులే.